సంఘం సొమ్ము ఏ సేవా సంస్థకు? స్థానిక ఎంపికలో మొహమాటం, కాగితం, ఖాళీ

క్లుప్తంగా

వినాయక మండపాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, పూర్వ విద్యార్థుల బ్యాచ్‌లు సేవ కోసం పోగుచేసే డబ్బు వేల నుంచి లక్షలకు, ఒకటి రెండు చోట్ల కోట్లకు చేరింది. ఎవరికివ్వాలన్న నిర్ణయం మాత్రం ఇంకా పరిచయాల మీదా, మొహమాటం మీదా నడుస్తోంది. రిజిస్ట్రేషన్ కాగితాలు మోసాన్ని కొంతవరకు అడ్డుకుంటాయి గానీ పని ఎలా జరుగుతోందో చెప్పవు. వెళ్లి చూడగలగడం, మళ్లీ మళ్లీ చూడగలగడం స్థానిక సంఘానికున్న బలం. అది వాడుకోకపోతే డబ్బు ఇప్పటికే నిండిన చోటికే మళ్లీ చేరుతుంది.

డబ్బు పెరిగింది, పద్ధతి మారలేదు

బాలాపూర్ గణేశుడి లడ్డూను 1994లో తొలిసారి వేలం వేసినప్పుడు రూ.450 పలికింది. 2025లో రూ.35 లక్షలకు పోయింది. బండ్లగూడ జాగీర్‌లోని కీర్తి రిచ్‌మండ్ విల్లాస్‌లో లడ్డూ 2023లో రూ.1.26 కోట్లు, 2024లో రూ.1.87 కోట్లు పలికి, 2025లో రూ.2.3 కోట్లు దాటింది. బాలాపూర్‌లో ఆ సొమ్ము గుడి, బడి లాంటి ఊరి పనులకు వెళ్తుంది. విల్లాల వాళ్లు ఒక ట్రస్టు పెట్టుకుని దాని ద్వారా సేవా సంస్థలకు పంచుతున్నారు. ఇవి పైకి కనిపించే పేర్లు. వీటి వెనక కాలనీ సంఘాలు, పదో తరగతి బ్యాచ్‌లు, మార్నింగ్ వాకర్స్ బృందాలు ఎన్నో చిన్నాపెద్దా నిధులు పోగుచేస్తున్నాయి. యూపీఐ వచ్చాక చందా వసూలు సులువైపోయింది. పదిహేను నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో లక్ష జమవుతుంది. ఆ తర్వాతే టెన్షన్ మొదలవుతుంది: ఎవరికిద్దాం?

ఇదే పని పెద్ద కంపెనీ చేస్తే చట్టం దారి చూపిస్తుంది. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దానికొక విధానం ఉండాలి. డబ్బు తీసుకునే సంస్థ 2021 ఏప్రిల్ నుంచి కేంద్రం దగ్గర విడిగా నమోదై ఉండాలి. కాలనీ సంఘానికి ఇవేవీ లేవు. ఉన్నది ఒక కోశాధికారి, ఒక గ్రూపు, ఆదివారం ఉదయం జరిగే గంట మీటింగు. స్వేచ్ఛ ఎక్కువే, కానీ తప్పు జరిగితే పట్టుకునే ఏర్పాటేదీ ఉండదు.

మొహమాటం ఎలా ఓటేస్తుంది

ఎంపిక సాధారణంగా ఎలా జరుగుతుందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. మీటింగులో ఎవరో ఒకరు ‘మా బావగారి స్నేహితుడు వృద్ధాశ్రమం నడుపుతున్నాడు, చాలా మంచివాడు’ అంటారు. రెండో పేరు వచ్చేలోపే పదిమంది తలలూపేస్తారు. ఆ ఆశ్రమం గురించి ప్రశ్న అడిగితే చెప్పిన మనిషిని అనుమానించినట్టవుతుంది. రోజూ లిఫ్టులో ఎదురుపడే మనిషితో ఆ తలనొప్పి ఎవరికి కావాలి? అందుకే అడగరు. ఇందులో దురుద్దేశం వెతకాల్సిన పనిలేదు. మొదట వినబడిన పేరుకు సహజంగానే మొగ్గు ఉంటుంది, మొహమాటం ఆ మొగ్గును తీర్మానంగా మార్చేస్తుంది.

దీనివల్ల ఒక గుంపు సంస్థలకు మళ్లీ మళ్లీ అందుతుంది. రోడ్డు మీద బోర్డున్నది, కారు ఆగడానికి చోటున్నది, నిర్వాహకుడు నాలుగు మాటలు బాగా చెప్పగలిగినది ఆ గుంపులో ఉంటాయి. ఊరి చివర అద్దె ఇంట్లో మానసిక వైకల్యమున్న పెద్దవాళ్లను చూసుకునే చిన్న సంస్థ ఎవరి కంటా పడదు. పిల్లలంటే చెయ్యి జేబులోకి వెళ్లినంత తేలిగ్గా, మంచం పట్టిన మనిషంటే వెళ్లదు. మత్తుకు బానిసైనవాళ్లు, జైలు నుంచి వచ్చినవాళ్లు, వీధిలో తిరిగే మతిస్థిమితం లేనివాళ్ల కోసం పనిచేసే సంస్థలు విరాళాల వరసలో ఎప్పుడూ చివరే.

మొహమాటానికి విరుగుడు పేర్ల కంటే ముందు కొలతలు తేల్చుకోవడం. ‘మన మండలంలో పనిచేసేది, కనీసం మూడేళ్లుగా నడుస్తున్నది, మనం ఇచ్చే డబ్బు దాని ఏడాది ఖర్చులో లెక్కకొచ్చేంత వాటా అయ్యేది’ లాంటి రెండు మూడు షరతులు ముందే రాసుకుంటే, పేరు చెప్పిన మనిషిని కాదనాల్సిన అవసరం రాదు. షరతే కాదంటుంది. సంఘంలో ఎవరికైనా ఆ సంస్థలో బంధువు ఉంటే ముందే చెప్పి ఓటుకు దూరంగా ఉండాలన్న నియమం కూడా అదే కోవలోది. చిన్న ఊళ్లలో బంధుత్వం లేని చోటు దొరకదు కాబట్టి బంధుత్వమే తప్పనలేం. దాచడం మాత్రం తప్పే.

ఆగస్టు 15న రెండు బిర్యానీలు

ఆశ్రమాల ఆఫీసు గదిలో దాదాపు ఎక్కడైనా కనిపించే వస్తువు ఒకటుంది. గోడకు వేలాడే బోర్డు. దాని మీద అల్పాహారం ఇంత, మధ్యాహ్న భోజనం ఇంత, రాత్రి భోజనం ఇంత అని ధరలు. పక్కన బల్ల మీద బుకింగ్ రిజిస్టరు. ఆ రిజిస్టరు పేజీలు తిప్పితే విరాళాల స్వభావమంతా అందులోనే కనిపిస్తుంది. జనవరి 1, ఉగాది, ఆగస్టు 15, అక్టోబరు 2, సినిమా హీరోల పుట్టినరోజులు, ఆదివారాలు నిండిపోయి ఉంటాయి. మంగళ, బుధవారాల గడులు చాలావరకు ఖాళీ. ఆగస్టు 15 మధ్యాహ్నానికి ఒకరు బిర్యానీ తెస్తే, ఇంకొకరు పులిహోర, మూడో బృందం మళ్లీ బిర్యానీ. షుగరున్న ముసలివాళ్లకు అదే రోజు మూడు రకాల స్వీట్లు.

భోజనం మీద ఇంత మమకారానికి లోతైన కారణమే ఉంది. దానాల్లో అన్నదానం మిన్న అని పెరిగిన సమాజమిది. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవారికి వేళ కాని వేళైనా వండి పెట్టిన డొక్కా సీతమ్మ పేరు వందేళ్లు దాటాక కూడా బడి భోజనానికి పెట్టుకునేంత గౌరవం మనది. పైగా భోజనం పెడితే ఫలితం కళ్లముందే కనిపిస్తుంది. తిన్నవాళ్లు తృప్తిగా లేస్తారు, ఫొటో వస్తుంది, గ్రూపులో చప్పట్లు మోగుతాయి. కరెంటు బిల్లు కడితే ఏం కనిపిస్తుంది?

కానీ వృద్ధాశ్రమం నడిపేవారి నిద్ర చెడగొట్టేది చాలాసార్లు బియ్యం కాదు. రాత్రిపూట ఉండే ఆయా జీతం, పెద్దవాళ్లకు వాడే డైపర్లు, గ్యాసు సిలిండర్లు, ఇంటి అద్దె, అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటో ఖర్చు. వీటికి ఎవరూ పుట్టినరోజు చేసుకోరు. అందువల్ల ఒకే సంస్థలో బియ్యం బస్తాలు పురుగు పడుతుంటాయి, అదే నెలలో ఆయా మానేస్తుంది. సంఘం వెళ్లినప్పుడు ‘ఏం కావాలి?’ అని అడిగితే ఎదుటివారు కూడా మొహమాటపడి ‘మీ ఇష్టం సార్, భోజనం పెట్టించండి’ అంటారు. ‘పోయిన నెల దేనికి తడుముకున్నారు?’ అని అడిగితే జవాబు వేరేగా వస్తుంది.

రక్తదానంలో ఈ తేదీల సమస్య ఇంకా తీవ్రం. ఎందుకంటే అక్కడ నిల్వకు గడువుంది. ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. ఒక హీరో పుట్టినరోజున జిల్లా అంతటా శిబిరాలు పెట్టి వందల యూనిట్లు తీస్తే ఆ వారం నిండుగా ఉంటుంది. కాలేజీలకు సెలవులిచ్చే ఎండాకాలంలో బ్లడ్‌ బ్యాంకులు కటకటలాడతాయి. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. హైదరాబాద్‌లో 1998 నుంచి పనిచేస్తున్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట ఆ అవసరం ఏ పండుగనూ చూసి ఆగదు. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి రక్తమివ్వొచ్చు. 200 మంది ఉన్న కాలనీ ఒకే ఆదివారం అందరినీ వరసలో నిలబెట్టే బదులు జట్లుగా విడిపోయి వంతులవారీగా వెళ్తే, ఒక్క రూపాయి అదనంగా ఖర్చు కాకుండానే ఆ దానం విలువ పెరుగుతుంది.

కాగితాలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

‘80జీ ఉందా?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. దీని చుట్టూ గందరగోళం కూడా అంతే ఉంది.

సేవా సంస్థ సాధారణంగా మూడు రూపాల్లో ఒకటిగా పుడుతుంది: ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ. తెలుగు రాష్ట్రాల్లో సొసైటీలు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఇది పుట్టిన తేదీ పత్రం లాంటిది, అంతకు మించి ఏమీ చెప్పదు. ఆ తర్వాత ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ గుర్తింపు సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇస్తుంది. 80జీ దాతకు మినహాయింపు ఇస్తుంది. 2021కి ముందు ఈ గుర్తింపులు ఒకసారి వస్తే ఏళ్ల తరబడి ఉండిపోయేవి. ఆ ఏడాది నుంచి గడువు పెట్టారు. కొత్త సంస్థకు తాత్కాలికంగా మూడేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరణ. 2025 బడ్జెట్‌లో చిన్న సంస్థలకు 12ఏ గడువును మాత్రం పదేళ్లకు పొడిగించారు. కాబట్టి గోడకు ఫ్రేము కట్టిన పాత సర్టిఫికెట్ ఇప్పుడు చెల్లకపోవచ్చు. ఫ్రేము కంటే దాని మీది తేదీ ముఖ్యం. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి, వాడుకలో మాత్రం 80జీ అనే పేరే నిలిచింది.

సంఘాలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు మరొకటి. యాభైమంది తలా రూ.2 వేలు కోశాధికారికి పంపి, ఆయన లక్ష రూపాయల చెక్కు ఇస్తే, రసీదు ఎవరి పేరు మీద వస్తుంది? చెక్కు ఇచ్చినవారి పేరు మీద. విరాళమిచ్చిన ప్రతి దాత వివరాలను, పాన్ నంబరుతో సహా, సంస్థ ఆదాయపు పన్ను శాఖకు పంపితేనే దాతకు సర్టిఫికెట్ వస్తుంది, మినహాయింపు దక్కుతుంది. యాభైమందికీ మినహాయింపు కావాలంటే యాభైమందీ నేరుగా సంస్థ ఖాతాలో వేయాలి. నగదు రూపంలో రూ.2 వేలు మించి ఇస్తే 80జీ వర్తించదు. బియ్యం, దుప్పట్లు, ఫ్యాన్లు లాంటి వస్తువులకు అసలే వర్తించదు. వీటన్నిటికంటే పెద్ద మాట, కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 80జీ మినహాయింపే లేదు. మీటింగులో ఈ విషయం మీద గంటసేపు వాదించుకునేవారిలో చాలామందికి ఆ మినహాయింపుతో పనే ఉండకపోవచ్చు.

అలాగని 80జీని పక్కన పెట్టేయడానికి లేదు. ఆ గుర్తింపున్న సంస్థ ఏటా లెక్కలు సమర్పించాలి, దాతల జాబితా ఇవ్వాలి. అంటే ఎక్కడో ఒకచోట లెక్క రాసే అలవాటు ఉంటుంది. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు కూడా అలాంటి సూచనే: ఆఫీసు బేరర్ల పేర్లు, చిరునామా, పనిచేసే రంగం కనిపిస్తాయి. అది ప్రభుత్వం ఇచ్చిన మార్కుల పత్రం కాదు, వివరాల పట్టిక మాత్రమే. కొన్ని సంస్థలు ఆ నంబరును ‘కేంద్ర ప్రభుత్వ గుర్తింపు’ అని లెటర్‌హెడ్ మీద పెద్దక్షరాల్లో వేసుకుంటాయి. అందులో అతిశయమే ఎక్కువ.

ఎదురు ఉదాహరణలూ ఉంటాయి. అన్ని కాగితాలూ వరసగా ఉండి, లోపల మంచాలు ఖాళీగా ఉన్న సంస్థ ఉండొచ్చు. ఒక రిటైర్డు నర్సు తన ఇంటి ముందు గదిలో పదిమందికి కట్లు కడుతూ, 80జీ అంటే ఏమిటో తెలియకుండా ఉండొచ్చు. రెండోదాన్ని సంఘం కాదనుకోనక్కర్లేదు. మందులు, కట్టు సామాను నేరుగా దుకాణం నుంచి బిల్లు మీద కొనిపెట్టడం, సొసైటీగా నమోదు చేయించడానికి సాయపడటం లాంటి మార్గాలున్నాయి. కాగితాల్లేని మనిషికి పెద్ద మొత్తం చేతిలో పెట్టడం మాత్రం ఆ మనిషినే ఇబ్బందిలో పడేస్తుంది.

పిల్లల హోమ్‌లకు లెక్క వేరు

పిల్లలున్న చోట కాగితం తప్పనిసరి, మినహాయింపు లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ప్రతి సంస్థా, ప్రభుత్వ సాయం తీసుకున్నా తీసుకోకపోయినా, 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. పిల్లవాడు ఆ హోమ్‌లో ఉండటానికి బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వు ఉండాలి. ఈ రెండూ చూపించమని అడిగితే సక్రమంగా నడిచే హోమ్ నొచ్చుకోదు. తడబడితే అక్కడితో ఆగిపోవాలి. అనుమానం బలంగా ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పాలి.

సంఘాలు తెలియక చేసే తప్పు ఫొటోల దగ్గర జరుగుతుంది. అదే చట్టంలోని 74వ సెక్షన్ సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపడేలా పేరు గానీ, బడి గానీ, చిత్రం గానీ ప్రచురించకూడదంటుంది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. నోటు పుస్తకం అందుకుంటున్న పాప ముఖంతో ఫేస్‌బుక్‌లో పెట్టే ఫొటో ఈ చట్టానికి ఎంత దూరంలో ఉందో ఆలోచించుకోవాల్సిన విషయం. ఆ పాప పెద్దయ్యాక కూడా ఆ ఫొటో ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ఇంకొంచెం లోతైన ప్రశ్న కూడా ఉంది. హోమ్‌లలో ఉండే పిల్లలందరూ తల్లీతండ్రీ లేనివారు కాదు. పేదరికం వల్లో, వలస వల్లో, తల్లో తండ్రో ఉండి కూడా చేరినవారు చాలామంది ఉంటారు. చట్టం దృష్టిలో హోమ్ చివరి మార్గం, కుటుంబమే మొదటిది. కేంద్రం మిషన్ వాత్సల్య అనే పిల్లల సంరక్షణ పథకం కింద అర్హులైన పిల్లలకు ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకు రూ.4 వేలు ఇస్తుంది. ఆ దరఖాస్తు నింపించి, జిల్లా కార్యాలయం చుట్టూ తిరిగి, ఆ సాయం ఇప్పించే సంస్థకు ఒక ఉద్యోగి జీతమిస్తే, ఆ ఏడాది కొందరు పిల్లలు హోమ్‌కు చేరాల్సిన పనే ఉండకపోవచ్చు. అయితే ఇందులో భోజనం లేదు, ఫొటో లేదు. అందుకే హోమ్‌కు వచ్చినంత సులువుగా ఈ పనికి డబ్బు రాదు.

అమెరికా నుంచి వచ్చే వాటా

తెలుగు ఊళ్ల పూర్వ విద్యార్థుల బ్యాచ్‌లో సగంమంది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండటం మామూలే. వాళ్ల డబ్బు కలిస్తే నిధి పెద్దదవుతుంది, చిక్కు కూడా. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ, ఇక్కడ రంగంలోకి వస్తుంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపేది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మార్చుకున్నవారు, భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డున్నా, ఈ చట్టం దృష్టిలో విదేశీయులే. వారి డబ్బు తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఒకే బ్యాచ్‌లో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరి వంద డాలర్లు సక్రమం, ఇంకొకరివి అక్రమం కావొచ్చు. గుంటూరులోని స్నేహితుడి సొంత ఖాతాకు అందరూ పంపేసి అక్కడి నుంచి ఆశ్రమానికిచ్చే పద్ధతి ఆ స్నేహితుణ్ణే ఇరకాటంలో పెడుతుంది.

2020లో ఈ చట్టానికి చేసిన సవరణల్లో ఒకటి స్థానిక సంస్థల బతుకునే మార్చింది. ఒక సంస్థ తీసుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. అంతకుముందు పెద్ద సంస్థలు నిధులు తెచ్చి మండల స్థాయిలో పనిచేసే చిన్నవాటికి పంచేవి. ఆ కాలువ మూసుకుపోయింది. పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 శాతం నుంచి 20కి తగ్గింది. అప్పటి నుంచి చిన్న సంస్థలకు ఊరివారి చందా అవసరం పెరిగింది. కాలనీ సంఘం ఇచ్చే రూ.50 వేలు ఇప్పుడు వాటికి అదనపు సాయం మాత్రమే కాదు, చాలాచోట్ల ఆధారం.

పెద్ద సంస్థలకూ ఈ దెబ్బ తగలగలదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఎక్కువగా స్పెయిన్ దాతల మీద ఆధారపడి ఆసుపత్రులు, బడులు, ఇళ్లు నిర్మించింది. 2025లో దాని ఎఫ్‌సీఆర్‌ఏ పునరుద్ధరణ నిలిచిపోయినప్పుడు జిల్లాలో జనం రోడ్డెక్కారు. సేవ ఎంత పెద్దదైనా డబ్బొచ్చే దారి ఒక్కటే అయితే ఏమవుతుందో అప్పుడు అందరికీ కనబడింది. స్థానిక సంఘం ఒక సంస్థను చూసేటప్పుడు దాని ఖర్చెంతో అడిగినట్టే, ఆదాయం ఎన్ని చోట్ల నుంచి వస్తుందో కూడా అడగొచ్చు.

ఓటు వేస్తే న్యాయం జరుగుతుందా

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం జాక్సన్ పట్టణంలో 2006లో మొదలైన ‘100 విమెన్ హూ కేర్’ పద్ధతి ఈ సమస్యకు ఒక జవాబు. వందమంది మహిళలు కలుస్తారు. కొన్ని స్థానిక సంస్థల పేర్లు తీస్తారు, ఒక్కోదాని గురించి కొద్ది నిమిషాలు మాట్లాడతారు, ఓటేస్తారు. గెలిచిన సంస్థ పేరు మీద ప్రతి ఒక్కరూ వంద డాలర్ల చెక్కు రాసేస్తారు. గంటలో పని అయిపోతుంది. డబ్బు మధ్యలో ఎవరి ఖాతాలోనూ ఆగదు. మన దగ్గర రసీదు చిక్కుకు కూడా ఇదే సరైన మందు.

ఈ పద్ధతిలో లోపం మాటకారితనం దగ్గరుంది. ఐదు నిమిషాల్లో బాగా చెప్పినవారు గెలుస్తారు. గచ్చిబౌలి క్లబ్‌హౌస్‌లో పవర్‌పాయింట్‌తో ఇంగ్లిషులో మాట్లాడే యువకుడి పక్కన, పాతికేళ్లుగా అంధబాలికల హాస్టల్ నడుపుతున్న ఆవిడ నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే ఓట్లు ఎటు పడతాయో ఊహించడం కష్టం కాదు. అందుకే ఓటు కంటే ముందు ఇద్దరు ముగ్గురు సభ్యులు వెళ్లి చూసి రావడం, సంస్థ తరఫున సభ్యులే మాట్లాడటం మేలు. జాక్సన్ పద్ధతిలో కూడా మాట్లాడేది సభ్యులే.

చూసి రావడమంటే టూరు కాదు. చెప్పకుండా ఒకసారి, చెప్పి ఒకసారి వెళ్లడం వల్ల తేడా తెలుస్తుంది. హాజరు పట్టీలో ఉన్న పేర్లూ మంచాల సంఖ్యా సరిపోతున్నాయా, మందుల అల్మరాలో గడువు తీరినవి ఉన్నాయా, చెక్కు మీద ఎన్ని సంతకాలు, కమిటీలో ఒకే ఇంటిపేరు ఎన్నిసార్లు వస్తోంది? వంటావిడతో రెండు నిమిషాలు మాట్లాడితే ఆడిట్ రిపోర్టు చెప్పనివి కొన్ని తెలుస్తాయి. జీతం ఎప్పుడొచ్చిందన్నది అందులో మొదటిది.

జీతాల దగ్గర తెలుగు దాతలకు ఒక పట్టుదల ఉంది. ‘మా డబ్బు మొత్తం పేదలకే వెళ్లాలి, జీతాలకు కాదు’ అంటారు. నొప్పి నివారణ సేవలు చేసే సంస్థలో నర్సు జీతం కాకుండా సేవ అనేది వేరే ఏముంటుంది? చివరి దశ క్యాన్సర్ రోగి ఇంటికి వెళ్లి మార్ఫిన్ ఇచ్చేది, పుండు కడిగేది ఆమే. పరిపాలనా ఖర్చు తక్కువగా చూపించే సంస్థ మంచిదన్న కొలత పెడితే సంస్థలు జీతాలను వేరే పద్దులో దాచడం నేర్చుకుంటాయి. దాని బదులు ఒక రోగికి, ఒక బిడ్డకు నెలకెంత ఖర్చవుతోందో అదే పని చేసే ఇంకో సంస్థతో పోల్చి చూడటం నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఒకసారి ఇచ్చి వదిలేయడమా, మూడేళ్లు తోడుండటమా

ఏటా కొత్త సంస్థకు ఇవ్వాలన్న కోరిక సంఘాల్లో సహజం. అందరికీ తలా కొంచెం అంటే న్యాయంగా అనిపిస్తుంది. తీసుకునేవారి వైపు నుంచి చూస్తే ఒకసారి వచ్చే రూ.60 వేలతో ఫ్రిజ్ కొనుక్కోవచ్చు. మూడేళ్లపాటు ఏటా రూ.60 వేలు వస్తాయని తెలిస్తే నెలకు రూ.5 వేల మీద పార్ట్‌టైమ్ ఫిజియోథెరపిస్టును పిలిపించుకోవచ్చు. వచ్చే ఏడాదికి కూడా తెలిసిన డబ్బుతోనే మనిషిని పనిలో పెట్టుకోగలరు. అయితే మాటిచ్చే ముందు సొమ్ము చేతికి వచ్చిందా లేదా చూసుకోవాలి. చాలా మండపాల్లో వేలం పాడినవారు ఆ డబ్బును ఏడాదిలోగా ఎప్పుడో కడతారు. పాట ముగిసిన రాత్రే సంస్థకు మాటిచ్చేస్తే మధ్యలో ఇబ్బందిపడేది సంస్థే.

రూ.20 వేలిచ్చి ఇరవై పేజీల నివేదిక అడగడం కూడా సరికాదు. చిన్న సంస్థలో ఆ నివేదిక రాసేది సాధారణంగా పిల్లలకు లెక్కలు చెప్పాల్సిన టీచరే. సభ్యులు మూడు నెలలకోసారి వెళ్లి చూసొచ్చి గ్రూపులో నాలుగు వాక్యాలు రాస్తే, ఇటు సంఘానికీ అటు సంస్థకూ తేలిక.

సంఘం సొంత పుస్తకం

సేవా సంస్థను ఇన్ని ప్రశ్నలడిగే సంఘం తన లెక్క ఎలా ఉంచుకుంటోందన్నది మిగిలిన విషయం. నిర్వహణ చార్జీల కింద వసూలు చేసిన డబ్బులోంచి విరాళమివ్వాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. కార్యదర్శి చొరవ సరిపోదు. కోశాధికారి సొంత యూపీఐకి లక్షల్లో జమలు పడితే ఆదాయపు పన్ను శాఖ అడిగినప్పుడు అది తన ఆదాయం కాదని నిరూపించుకోవాల్సింది ఆయనే. ఏటా ఒకటి రెండు లక్షలు దాటే సంఘానికి సొసైటీ పేరుతో ఖాతా, ఇద్దరి సంతకం అవసరం. ఇంకా పెద్ద నిధి ఉన్నచోట విల్లాల వాళ్లు చేసినట్టు ట్రస్టు పెట్టుకోవచ్చు గానీ, ట్రస్టుకు పన్ను రిటర్నులు, ఆడిటరు ఫీజు ఏటా ఉంటాయి. రూ.80 వేల నిధికి ఆ ఖర్చు మోయడం దండగ. నేరుగా సంస్థ ఖాతాకు పంపించి రసీదు తీసుకోవడం చాలు.

కార్యవర్గం మారినప్పుడు పాత వివరాలు పోవడం మరో సమస్య. ఏ సంస్థకు వెళ్లారు, ఏం చూశారు, ఎందుకు వద్దనుకున్నారు అన్నది పాత కార్యదర్శి ఫోన్లోనే ఉండిపోతుంది. రెండేళ్ల తర్వాత కొత్తవారు అదే గడప తొక్కి అదే మాటలు వింటారు. ఒక నోటుబుక్కులో సంస్థకో పేజీ చొప్పున తేదీ, చూసినవారి పేరు, 12ఏ గడువు, అడిగిన ప్రశ్నలు, వద్దనుకుంటే కారణం రాసి, చెక్కుబుక్కుతో పాటు కొత్త కోశాధికారికి అప్పగిస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.